నురుగుపాలు, మా సారు నేర్పిన ముక్కు

మనం చేసే పని

కొత్తగా ల్యాబు టెక్నీషియన్లుగా చేరిన పిల్లలు నన్ను చూడగానే మొదట ట్రాన్స్‌ఫర్ల గురించి అడుగుతారు, తర్వాత ప్రమోషన్ల గురించి. ఈ రెండింటి గురించీ నాకు తెలిసింది తక్కువ. బళ్ళారి జిల్లా సర్కారు ఆసుపత్రుల్లో ముప్పై మూడేళ్ళు పనిచేస్తే నాకు వచ్చింది ఒకే ఒక్క ప్రమోషన్. అది కూడా నేను సెలవులో ఉన్నప్పుడు వచ్చింది. ఆ సంగతులు వదిలేసి పని గురించే చెబుతాను.

మనిషి లోపల ఏముందో బయట కూర్చుని చెప్పడం మన పని. జ్యోతిష్కుడూ ఇంచుమించు ఇదే చేస్తాడు గానీ, తప్పు పోతే గ్రహాల మీదికి నెట్టేసే సౌకర్యం అతనికి ఉంది. మనకు లేదు. మనం కాగితం మీద ఒక మాట రాస్తాం. డాక్టరు ఆ మాటను నమ్ముతాడు, రోగి డాక్టరును నమ్ముతాడు, రోగి తల్లి ఇంటికెళ్ళి దాని ప్రకారమే కొడుక్కి వండి పెడుతుంది. మాట తప్పయితే అది ఎంతదూరం పోతుందో రాసిన చేతికి సాధారణంగా తెలియదు. నాకు తెలిసింది, అందుకే రాస్తున్నాను.

గొడ్ల నుంచి, ఎలుకల నుంచి మనుషులకు అంటే జ్వరాలను ఇప్పుడు ట్రైనింగుల్లో 'కొత్తగా పుట్టుకొస్తున్న వ్యాధులు' అని తెర మీద బొమ్మలు వేసి చూపిస్తున్నారు. తప్పకుండా వెళ్ళండి, మధ్యాహ్నం భోజనం కూడా బాగుంటుంది. కానీ గొడ్డు ఎప్పటినుంచో ఉంది, ఎలుకా ఎప్పటినుంచో ఉంది. వాటి జ్వరాలకు సరైన పేరు రాయడం మాత్రం మనకు ఇప్పుడిప్పుడే వచ్చింది. అంతకుముందు మేమందరం కలిసి వాటికి టైఫాయిడ్ అని నామకరణం చేసేవాళ్ళం.

శేషగిరి సారు

నాకు పని నేర్పింది శేషగిరి సారు. సీనియర్ టెక్నీషియన్. ఇస్త్రీ మడత చెదరని తెల్లకోటు, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయడానికి, ఒకటి ఎవరైనా అడిగితే ఇవ్వడానికి. రెండోదాంట్లో ఇంకు ఉండేది కాదు.

ఆయనకు మైక్రోస్కోపు కంటే తన ముక్కు మీద నమ్మకం ఎక్కువ. రోగి రక్తంలోనో చీములోనో ఉన్న క్రిములను మేము గాజు ప్లేట్లలో ఆహారం వేసి పెంచుతాం. దాన్ని కల్చర్ అంటారు. పొద్దున్నే సారు ఒక్కో ప్లేటు మూత తీసి, కళ్ళు మూసుకుని, పెళ్ళిలో సాంబారు రుచి చూసే వంటవాడిలా వాసన పీల్చేవారు.

"ద్రాక్షపండ్ల వాసన వస్తాంది చూడు రత్నమ్మా. ఇది కాలిన పుండ్లలో వచ్చే పురుగు. ఇంకో ప్లేటు చూడు, చేపల సంత. పుస్తకం యాల మనకు, దేవుడు ముక్కు ఇచ్చినాక?"

నిజం చెప్పొద్దూ, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది. ఆవు చేలో మేస్తుంటే దూడ గట్టున మేస్తుందా? నేనూ ముక్కు పెట్టడం నేర్చుకున్నాను. రెండేళ్ళలో నా ముక్కుకూ పేరొచ్చింది. పక్క వార్డుల డాక్టర్లు కూడా "రత్నమ్మ వాసన చూసిందా?" అని అడిగేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ప్రమోషన్ వచ్చినంత సంతోషంగా ఉండేది. తప్పని చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా మేము వినేవాళ్ళం కాదు.

ఇంకొక అలవాటు టైఫాయిడ్ పరీక్ష. పలక మీద రోగి రక్తపు సీరం ఒక చుక్క, మందు ఒక చుక్క వేసి ఊపుతాం. రవ్వ కట్టినట్టు గింజలు తేలితే టైఫాయిడ్ అంటాం. ఆ గింజలు పాత జ్వరాలకూ తేలుతాయి, వేరే జ్వరాలకూ తేలుతాయి. ఆ సంగతి పుస్తకంలో చిన్న అక్షరాలతో ఉంటుంది. మా ప్రాంతంలో అయితే ఎవరి రక్తం ఊపినా ఎంతో కొంత రవ్వ కట్టేది. డాక్టరుకు పేరు దొరికేది, రోగికి మాత్ర దొరికేది, నాకు టీ తాగే టైము దొరికేది.

ఎలుకలు లేని పొలం

నేను మొదట బుద్ధి తెచ్చుకోవలసింది వరినాట్ల కాలంలో. కాలువ కింది ఊళ్ళ నుంచి కూలి ఆడవాళ్ళు కళ్ళు ఎర్రబడి, పిక్కల నొప్పులతో, జ్వరంతో వచ్చేవాళ్ళు. అది ఎలుక జ్వరం. ఎలుక ఉచ్చ కలిసిన బురదనీళ్ళలో రోజంతా నిలబడితే, కాళ్ళ పగుళ్ళలో నుంచి క్రిమి ఎక్కుతుంది.

ఒకసారి వాళ్ళను ట్రాక్టర్లో తీసుకొచ్చిన రైతును అడిగాను, పొలంలో ఎలుకలు ఉన్నాయా అని. ఆయన కోస్తా నుంచి తాతల కాలంలో వచ్చి కాలువ కింద స్థిరపడిన కుటుంబం వాడు. చాలా నొచ్చుకున్నాడు.

"మా పొలంలో ఎలుకలేంటండీ? గట్లు అద్దంలా ఉంచుతామండి. కావాలంటే మా పక్క పొలం వాళ్ళని అడగండి, వాళ్ళకున్నాయి."

పక్క పొలం ఆయన్నీ అడిగాను. ఆయనా అదే చెప్పి, ఈయన పొలం చూపించాడు. రెండు పొలాల ఎలుకలూ మధ్య గట్టు మీదే కాపురం ఉంటున్నాయని మేము తేల్చుకున్నాం. ఆ రోజు నుంచి జ్వరంతో వచ్చినవాళ్ళను 'ఏం పని చేస్తావు, దేంట్లో చెయ్యి పెట్టావు, దేంట్లో కాలు పెట్టావు' అని అడగాలని నిర్ణయించుకున్నాను. నాట్లు అయిపోయేదాకా అడిగాను. తర్వాత మర్చిపోయాను. మన నిర్ణయాల ఆయుష్షు ఒక్కోసారి ఒక పంటకాలమే.

పొద్దున పైల్వాన్

ఎర్రిస్వామి వచ్చింది నేను రిటైరు కావడానికి కొన్నేళ్ళ ముందు, కోవిడ్ గొడవ సద్దుమణిగాక. హచ్చొళ్ళి అవతల ఒక ఊరు. పగలు రైస్‌మిల్లులో బస్తాలు మోస్తాడు, తెల్లారుజామున గరడిలో కుస్తీ చేస్తాడు. గరడి అంటే కుస్తీ నేర్పే చోటు. జాతరల్లో అతణ్ణి కింద పడేసినవాడు నాలుగు తాలూకాల్లో లేడని అతని తల్లి గంగమ్మ మొదటి నిమిషంలోనే చెప్పింది. అతను తలుపులో నిలబడితే ల్యాబులోకి వెలుతురు రాలేదు.

"ఏమప్పా, ఏమైంది నీకు?"

"పొద్దున పైల్వాన్నే మేడమ్మా. పొద్దు గూకితే ముసిలోణ్ణి అయిపోతాండా. చలి, జ్వరం, ఆ మింద చెమట. దుప్పటి పిండితే నీళ్ళు కారతాండాయి."

సూది చూసి ఆ పైల్వాను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను నవ్వాను, అతనూ నవ్వాడు. రక్తం ఊపాను, రవ్వ కట్టింది. టైఫాయిడ్ అని రాశాను.

మందులకు జ్వరం తగ్గింది. నెలన్నరకు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఊపాను, మళ్ళీ టైఫాయిడ్. మూడోసారి వచ్చినప్పుడు నడుము పట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా, టైఫాయిడ్‌కు నీ మింద ఇంత ప్రేమేంది? ఇడిసి పోనంటాంది."

"నాకేం తెల్సు మేడమ్మా. బెన్నులో మేకు దిగ్గొట్టినట్ల ఉండాది. మూట ఎత్తేకి అయితాలేదు."

మూడోసారీ టైఫాయిడ్ అనే రాశాను. రాసి, మాట సాయంగా అతని తల్లితో ఒక సలహా కూడా చెప్పాను. అడగని సలహా ఇవ్వడంలో మన ల్యాబు వాళ్ళను మించినవాళ్ళు లేరు.

"పిల్లోడు చిక్కిపోయినాడు గంగమ్మా. పాలు బాగా తాపియ్యి. తాకత్ వస్తాది."

గంగమ్మ చేతులు జోడించింది. ఎటువంటి పాలు, ఎక్కడివి, ఎలా తాగుతాడు అని నేను అడగలేదు. నాకు పాలంటే చిన్నప్పటినుంచీ గిట్టదు. మీగడ తెట్టు కనబడితే గ్లాసు అవతలికి నెట్టేస్తాను. మా అమ్మ ముక్కు మూసి పోసినా కక్కేసేదాన్ని. కాఫీ కూడా నల్ల డికాక్షనే. అటువంటిదాన్ని ఇంకొకరికి పాలు తాగమని చెప్పాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

దసరా సెలవుల సీసా

అప్పుడే మా ఆసుపత్రికి మేఘన అని ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద చేతిరాత. అంటే చదవగలిగే చేతిరాత. డాక్టర్లలో నేను చూసిన మొదటి వింత అదే. మూడుసార్లు టైఫాయిడ్ ఏమిటని ఆమెకు అనుమానం వచ్చి, ఎర్రిస్వామి రక్తం సీసాలో తీసి కల్చర్‌కు పంపింది.

మా లెక్క ప్రకారం ఐదు రోజుల్లో ఏమీ పెరగకపోతే సీసా పారెయ్యాలి. మధ్యలో దసరా సెలవులు వచ్చాయి. ఆ సీసా వెచ్చటి పెట్టెలో వెనక మూలకు జరిగిపోయి మా కంట పడలేదు. పన్నెండో రోజు పెట్టె తుడుస్తుంటే దొరికింది. లోపల పల్చగా మబ్బు కమ్మినట్టు ఉంది. కొంచెం తీసి ప్లేటు మీద గీశాను. ఇంకో మూడు రోజులకు దాని మీద మంచుబిందువుల్లాంటి సన్నటి చుక్కలు లేచాయి.

మూత తీశాను. ముక్కు పెట్టాను.

ఏ వాసనా లేదు. ద్రాక్ష లేదు, చేపలు లేవు. ఇంకొంచెం దగ్గరికి పెట్టి బాగా పీల్చాను. ఏమీ లేదు. మైక్రోస్కోపులో చూస్తే ఇసుక చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు. వాసన లేని క్రిమి నా లెక్కలో క్రిమే కాదు. గాలిలోంచి పడిన చెత్త అనుకుని 'కలుషితమైంది, మళ్ళీ రక్తం పంపండి' అని రాసి ప్లేటు పారేశాను.

మళ్ళీ రక్తం రాలేదు. గంగమ్మ తెలిసినవాళ్ళ మాట విని కొడుకును దూరపు ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ స్కానులో వెన్నుపూస ఒకటి పురుగు తొలిచినట్టు కనబడిందట. వీపు కోసి చూడాలి, అవసరమైతే కడ్డీలు వెయ్యాలి, తేదీ ఇచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండండి అన్నారట. ఈ సంగతి ఎర్రిస్వామి ఊరి నుంచి వచ్చిన వేరే రోగి చెబితే విని 'అయ్యో పాపం' అన్నాను. పక్కింటివాళ్ళ కష్టం విన్నట్టే విన్నాను.

నా టైఫాయిడ్

ఇంకో మూడు వారాలకు నాకు జ్వరం పట్టుకుంది. సాయంత్రం వణుకు, తర్వాత చీర తడిసేంత చెమట. పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చి, వంట చేసి, డ్యూటీకి వచ్చేదాన్ని. నా తోటి టెక్నీషియన్ రఫియా నా రక్తం పలక మీద ఊపి పండగలా కేకేసింది.

"రత్నక్కా, టైఫాయిడ్! ఎంత చక్కగా రవ్వ కట్టిందో చూడు!"

నేను కూడా చూసి మెచ్చుకున్నాను. టైఫాయిడ్ మాత్రలు వేసుకున్నాను. తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఈసారి నడుములో కూడా నొప్పి మొదలైంది. డాక్టర్ మేఘన దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఎలా ఉంది అని అడిగింది.

"ఏం చెప్పేది డాక్టరమ్మా. పొద్దున పడుచుపిల్లనే, పొద్దు గూకితే ముసిల్దాన్ని."

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. "ఈ మాట ఇంకెవరో అన్నారు కదా?"

ఎవరన్నారో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"మీ ఇంట్లో గొడ్లు ఉన్నాయా?" అంది.

"రెండో అంతస్తు క్వార్టర్సులో ఉంటాం. గొడ్డును మెట్లెక్కించాల."

"పచ్చిపాలు?"

"కాచిన పాలే తాగను. పచ్చివి యాడివి?"

"మరి ఎర్రిస్వామికీ మీకూ కలిసింది ఎక్కడ?"

కలిసింది పలక దగ్గర, సూది దగ్గర అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ ప్లేటు గుర్తొచ్చింది. మూత తీయడం, ముక్కు పెట్టడం, వాసన రాలేదని ఇంకొంచెం గట్టిగా పీల్చడం. ముప్పై ఏళ్ళు గొప్పగా చెప్పుకున్న ముక్కు. దాన్ని అక్కడే కోసి టేబుల్ మీద పెట్టాలనిపించింది.

"నేను పారేసింది చెత్త కాదు డాక్టరమ్మా," అన్నాను. "అదే వాని రోగం. నేను దాన్ని పీల్చినాను."

"ఎన్నో ఈత?"

డాక్టర్ మేఘన అనుమానించిన క్రిమి పేరు బ్రూసెల్లా. గేదెలకు, ఆవులకు, మేకలకు వస్తుంది. వచ్చిన గొడ్డు నెలలు నిండకుండా దూడను ఈసుకుపోతుంది. మా వైపు కన్నడంలో కందు రోగం అంటారు. కాచని పాలలో నుంచి, చచ్చి పుట్టిన దూడను, మాయను ఉత్త చేతులతో తీయడంలో నుంచి మనిషికి అంటుకుంటుంది. ల్యాబుల్లో మాలాంటి తెలివైనవాళ్ళకు ముక్కులో నుంచి కూడా అంటుకుంటుంది.

దాన్ని పట్టుకునే గులాబీరంగు మందు మా ఆసుపత్రిలో లేదు. రోడ్డు అవతల పశువుల ఆసుపత్రిలో ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డు దాటి అటు పోయిన పాపాన పోలేదు నేను. అక్కడి డాక్టరు బసవరాజు మంచివాడు, కానీ నవ్వకుండా నవ్వించే రకం. నా రక్తం, దాంతోపాటు ఫ్రిజ్జులో మూలన పడున్న ఎర్రిస్వామి పాత సీరం పట్టుకెళ్ళాను. నాలాంటి బద్ధకస్తులు పాత సీసాలు పారేయరు. ఆ రోజు నా బద్ధకానికి దండం పెట్టుకున్నాను.

ఆయన తన దగ్గరున్న గొడ్ల ఫారం తీశాడు. "పేరు రత్నమ్మ. జాతి?"

"డాక్టరూ!"

"కాలమ్ ఉండాది మేడం, నింపల్ల గదా. ముర్రానా, నాటుదా?"

"నాటుదే రాసుకో."

"ఎన్నో ఈత?"

"రెండు. ఇద్దరూ ఇంజనీర్లు."

"ఈసుకుపోయింది ఏమన్నా ఉందా?"

"నా పరువు," అన్నాను.

అప్పుడు మాత్రం నవ్వాడు. పలక మీద గులాబీ చుక్క వేసి నా సీరం కలిపాడు. చూస్తుండగానే గింజ కట్టింది. ఎర్రిస్వామిది కలిపాడు. అదీ కట్టింది. ఇంకో పలక తీసి తన సీరమే కలిపి చూపించాడు. అది నున్నగా, పాలల్లే ఉండిపోయింది. నేను ఇన్నాళ్ళూ చూసిన రవ్వకూ దీనికీ తేడా అప్పుడు తెలిసింది.

ఆ రోజు శనివారం. ఎర్రిస్వామి వీపు కోసే తేదీ సోమవారమని అతని ఊరి రోగుల ద్వారా తెలిసింది. డాక్టర్ మేఘన ఆ పెద్ద ఆసుపత్రికి ఫోను మీద ఫోను చేస్తోంది. గంగమ్మ ఫోను మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. బస్సెక్కేశారేమోనని నాకు భయం పట్టుకుంది. ఒళ్ళు కాలుతున్నా బసవరాజు డాక్టరు బండి వెనక కూర్చుని వాళ్ళ ఊరికి బయల్దేరాను.

గరడి గడప

ఎర్రిస్వామి ఇంటికి తాళం ఉంది. గరడి దగ్గర ఉంటారని ఎవరో చెప్పారు. ఊరి చివర పెంకుల కొట్టం, లోపల ఎర్రమట్టి గుంట. పక్కనే నున్నటి నల్లగేదె ఒకటి నెమరు వేస్తోంది. ఆడవాళ్ళు లోపలికి పోకూడదు. నేను గడప బయటే నిలబడ్డాను. కుస్తీ నేర్పే ఉస్తాద్ హొన్నూరు సాబ్ బయటికి వచ్చాడు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. చెవులు కుస్తీల్లో నలిగి నలిగి ముడుచుకుపోయాయి.

మేము పాల సంగతి అడగ్గానే ఆయన మొహం వెలిగింది. తెల్లారి కసరత్తు అయ్యాక ఆ గేదె పాలు చెంబులోకే పిండుతారు. నురుగు తగ్గేలోపు గటగటా తాగెయ్యాలి. ఆ గరడిలో మూడు తరాలుగా అదే పద్ధతి.

"కాచేది లేదా ఉస్తాద్?" అన్నాను.

"కాచేదా? కాస్తే తాకత్ మొత్తం పొగలో పోతాది. కాచిన పాలు బీమారోళ్ళు తాగుతారు, పైల్వాన్లు కాదు."

"నువ్వు కూడా ఇవే తాగుతావా?"

కొంచెం ఇబ్బందిగా మీసం సవరించుకున్నాడు. "నాకు గ్యాస్ అమ్మా. నేను చాయ్ తాగుతా."

బసవరాజు డాక్టరు గేదె కడుపు తడిమి, "ఇది ఎప్పుడన్నా ఈసుకుపోయిందా సాబన్నా?" అన్నాడు.

"రెండుసార్లు. ఏడో నెలలో. నజర్ తగిలినాది. మేమే లాగి తీసినాము, నేనూ, ఎర్రిస్వామీ. నిమ్మకాయలు కట్టినాము గదా కొమ్ములకు, చూడు."

కొమ్ములకు నిమ్మకాయలు నిజంగానే ఉన్నాయి, ఎండిపోయి.

కొట్టం వెనక మంచం మీద ఎర్రిస్వామి పడుకుని ఉన్నాడు. సాయంత్రం బస్సుకు పోవాలని పక్కన సంచి సర్దిపెట్టి ఉంది. పోయేముందు ఉస్తాద్ కాళ్ళు మొక్కిపోదామని వచ్చాడట. తలుపులో నిలబడితే వెలుతురు ఆగిపోయిన మనిషి, మంచం మీద లేచి కూర్చోవడానికి తల్లి భుజం పట్టుకున్నాడు.

చెప్పాను. ఇది టైఫాయిడ్ కాదని, మూడుసార్లూ నేనే తప్పు రాశానని, నాలుగోసారి క్రిమి నా ప్లేటులోకి వచ్చి కూర్చున్నా చెత్త అని పారేశానని, ఇప్పుడు అదే నాకూ వచ్చిందని, వీపు కోయకముందు మందులు వాడి చూడాలని.

"మూడుసార్లూ తప్పేనా మేడమ్మా?" అన్నాడు ఎర్రిస్వామి.

"మూడుసార్లూ తప్పే నాయనా."

గంగమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు పాలు తాపియ్యమంటివి గదమ్మా," అంది. "ఒక చెంబు తాగేటోనికి ఆ పొద్దు నుంచి రెండు చెంబులు తాపిస్తి. వాడు సాలమ్మా, సాలు అంటాన్నా తాపిస్తి."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఉద్యోగంలో మెమోలు తీసుకున్నాను, మాటలు పడ్డాను. ఏదీ అంత లోతుకు దిగలేదు.

ఉస్తాద్ మాత్రం ఒప్పుకోలేదు. మూడు తరాల గరడి, పాల వల్ల ఒక్కడన్నా పడినాడా అని నిలదీశాడు. బసవరాజు డాక్టరు శాస్త్రం చెప్పాడు. నేను పలక మీద గింజ కట్టిన సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు మంచం మీది నుంచి ఎర్రిస్వామి అన్నాడు:

"ఉస్తాద్, ఇన్నేండ్లు నన్ను కింద పడేసినోడు ఎవడన్నా ఉండాడా?"

"ఎవడు లేడు బేటా."

"మరి ఈ పొద్దు నేను ఎందుకు పడుండా? నన్ను పడేసినాది ఆ చెంబే ఉస్తాద్."

ముసలాయన గేదె వైపు చూశాడు. దాన్ని ఆయన బిడ్డలా సాకుతున్నాడని తర్వాత తెలిసింది. నా వైపు తిరక్కుండానే అడిగాడు, "ఎంతసేపు కాచల్ల అమ్మా?"

"పొంగు వచ్చినాక ఇంకొంచెం సేపు, ఉస్తాద్."

తర్వాత

సోమవారం కోత ఆగింది. ఆ పెద్ద ఆసుపత్రి సర్జన్ మర్యాదస్తుడు. డాక్టర్ మేఘన మాట విని, అక్కడే మళ్ళీ పరీక్ష చేయించి, ముందు మందులు వాడి చూద్దామన్నాడు. ఎర్రిస్వామికి మూడు నెలలు మాత్రలు, సూదులు. నాకు ఆరు వారాలు మాత్రలు. నేను ఆరు వారాలూ సణిగాను, అతను మూడు నెలలూ సణగలేదు. గరడిలో ఇంకో ఇద్దరు పిల్లల రక్తంలో కూడా ఆ క్రిమి జాడ దొరికితే వాళ్ళకూ మందులు ఇచ్చాం. గేదెను మిగతావాటి నుంచి వేరుగా కట్టేశారు. దాని పాలు ఇప్పుడు ఎవరికీ పోయరు. ఉస్తాద్ రోజూ దాని దగ్గర కూర్చుని చాయ్ తాగుతాడు.

ఎర్రిస్వామి లేచి నడిచాడు. మిల్లులో మూటలు మోయడం మాని, తూకం దగ్గర నిలబడుతున్నాడు. కుస్తీ మాత్రం మళ్ళీ పట్టలేదు. వెన్ను వంగదు. మొదటిసారే సరైన మాట రాసి ఉంటే వంగేది. ఈ వాక్యాన్ని మెత్తగా రాయడానికి చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

ల్యాబులో చేరే పిల్లలకు నేను చెప్పేది కొంచెమే. ప్లేటు మూత తీసి వాసన చూడొద్దు, ఎంత గొప్ప గురువు నేర్పినా సరే. నిదానంగా పెరిగే సన్నటి క్రిమిని చెత్త అనుకునేముందు ఎవరి రక్తమో, అతని చేతులు దేంట్లో ఉంటాయో కనుక్కోండి. రోడ్డు దాటి పశువుల డాక్టరుతో స్నేహం చేసుకోండి, ఫారం నింపేటప్పుడు కోపం తెచ్చుకోవద్దు. మీకు తెలియనప్పుడు 'తెలియదు' అని రాయండి. ఆ మాట రాయడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది, మీకు అంత అక్కర్లేదు. శేషగిరి సారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ సంగతి ఆయనకు చెప్పేదాన్ని, ఆయన మాత్రం నీ ముక్కుదే తప్పు అనేవారు.

రిటైరయ్యాక ఒక పొద్దున ఆ ఊరికి వెళ్ళాను. గరడి గడప బయటే నిలబడ్డాను. లోపల పిల్లలు కసరత్తు ముగించి వరసగా కూర్చున్నారు. మూలన పొయ్యి మీద పెద్ద గిన్నెలో పాలు పొంగుతున్నాయి. గరిటె పట్టుకుని నిలబడింది ఎర్రిస్వామి. ఒకడు తొందరపడి చెంబు ముందుకు చాపితే, "ఇంకా కాదు, ఇంకొంచెం సేపు," అని కసిరాడు.

నన్ను చూసి, ఒక గ్లాసులో పాలు పోసుకుని, వంగని వెన్నుతో నిదానంగా గడప దాకా వచ్చాడు. ఆ రోజు మంచం మీద 'మూడుసార్లూ తప్పేనా' అని అడిగాక, మళ్ళీ ఆ సంగతి అతనెప్పుడూ ఎత్తలేదు. క్షమించానని కూడా అనలేదు. గ్లాసు నా చేతికిచ్చాడు. పైన మందంగా మీగడ తెట్టు కట్టి ఉంది.

"మీకు పాలు పడవంట గదా, బసవరాజు డాక్టరు చెప్పినాడు," అన్నాడు. "మీగడన్నా తీసేద్దునా మేడమ్మా?"

"వద్దప్పా," అన్నాను. మీగడతో సహా, గ్లాసు అడుగు కనబడేదాకా తాగాను.